ఆరో పెట్టె

పోయిన వారం వెర్లీన్ గిడ్రీని ఆమె వరండాలోనే, పీకేసిన ప్లగ్గు చేత్తో పట్టుకుని నిలబడి ఉండగా వదిలేసి వచ్చాం. వాషింగ్టన్ నుంచి వచ్చిన ఆ ముక్తసరి నోటీసు మీకు గుర్తుండే ఉంటుంది. గాలి కాపలా సంఘానికి ఇచ్చిన ఫెడరల్ పర్యావరణ గ్రాంటు రద్దయిందనీ, దాని కింద జరుగుతున్న పనులన్నీ తక్షణం ఆపాలనీ అందులో ఉంది. ఎందుకు రద్దయిందో మాత్రం లేదు. ఆ గ్రాంటుతోనే కరకట్ట వీధిలో ఆరిళ్ళ వరండాల్లో ఆరు గాలి పెట్టెలు వెలిశాయి. ఫ్యాక్టరీ వైపు నుంచి వచ్చే గాలిని అవి రాత్రింబవళ్ళు కనిపెట్టుకుని ఉండేవి. పచ్చదీపం వెలిగితే ఫరవాలేదు, పసుపైతే కిటికీలు మూసుకోవాలి, ఎరుపైతే ఉన్నపళాన ఇల్లు వదిలి పోవాలి. నోటీసు చదివిన సంఘం పెద్ద వెర్లీన్ ముందు తన ప్లగ్గు పీకింది. తర్వాత మిగిలిన అయిదుగురికీ ఫోన్ చేసి పీకెయ్యమంది. అందరూ సరేనన్నారు. ఆ రోజు నుంచి ఆమెకి కంటి మీద కునుకు లేదు.

ఇవాళ శుక్రవారం. క్రైస్తవులు ఉపవాసాలుండే తపస్సు కాలం కాబట్టి మాంసం ముట్టరు, చేపలే. సెయింట్ ఓడిల్ చర్చి హాలు వెనక మధ్యాహ్నం నుంచే నూనె కాగుతోంది. మొక్కజొన్న పిండిలో దొర్లించిన క్యాట్‌ఫిష్ ముక్కలు మూకుడులో పడి చుయ్యిమంటున్నాయి. వీధి వీధంతా అట్ట పళ్ళాలు పట్టుకుని వరసలో నిలబడింది. ఏటా ఈ వరసలో ఎకసెక్కాలూ, ఒకరి చెవిలో ఒకరు ఊదుకునే ముచ్చట్లూ వినాలి మీరు. ఈసారి మాత్రం జనం గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. సలాడు వడ్డిస్తున్న వెర్లీన్ దగ్గరికొచ్చేసరికి అదీ మానేసి, పెట్టించుకుని గబగబా వెళ్ళిపోతున్నారు.

చేపలు వేయిస్తున్నది అల్సీడ్. వెర్లీన్ చనిపోయిన భర్తకి తమ్ముడు. చేతిలో జల్లిగరిటె ఉన్నా లేకపోయినా అతని నోరు ఊరుకోదు.

"వదినా, ఆ సలాడులో ఉప్పు రెండోసారి వేస్తున్నావ్. వాషింగ్టన్ వాళ్ళు ఉప్పు కూడా రద్దు చేసేలోగా అయిపోగొడదామనా?"

"నీ మూకుడు సంగతి నువ్వు చూసుకో."

"నా మూకుడుకేం, దివ్యంగా ఉంది. నీ మొహమే మాడిపోయింది. పోనీలే వదినా, గ్రాంటు రాకముందు మనం బతకలేదా? మన ముక్కులే మన పెట్టెలు."

వెర్లీన్ సలాడు కలుపుతూనే ఉంది. ముప్ఫయ్యేళ్ళు బడి వంటశాలలో పిల్లలకి వండిపెట్టిన మనిషి, నోరున్న వాళ్ళని చాలామందిని చూసింది. కానీ ఆ ముక్కుల మాట ఎంత ప్రమాదమో ఆమెకి తెలుసు. ఫ్యాక్టరీ గ్యాసు గురించి ఇదే హాల్లో నిలబడి ఎన్నిసార్లు చెప్పిందో ఆమెకే లెక్క లేదు. కొద్దిగా ఉన్నప్పుడు అది కుళ్ళిన కోడిగుడ్ల కంపు కొడుతుంది. మరీ ఎక్కువైతే అది ముందు ముక్కునే చంపుతుంది. అప్పుడిక వాసన ఉండదు. పుట్టినప్పటి నుంచీ ఆ కంపులో పెరిగిన వీధి అది. ఏ రోజైనా కంపు ఆగిందంటే చాలు, కిటికీలన్నీ బార్లా తెరిచేసి, ఉతికిన దుప్పట్లు తీగ మీద ఆరేసి, దేవుడికో దణ్ణం పెట్టుకుంటారు. ఇంకెవరైనా అయితే అనుమానపడతారేమో గానీ, వీళ్ళు సంతోషిస్తారు. ఆ సంతోషాన్ని మాన్పించడానికే వెర్లీన్‌కి రెండేళ్ళు పట్టింది.

ఎప్రాను జేబులో ఫోను గుర్రుమంది. ఆమె తీసి చూడకుండానే మీట నొక్కి నోరు మూయించింది.

ఎవరో ఆమెకి తెలుసనుకుంది. ఫ్యాక్టరీ తరఫున ఊరి వ్యవహారాలు చూసే హోల్కమ్ పొద్దున్నే ఒకసారి చేశాడు. తేనె పూసిన గొంతు. ఆ పక్క పెద్దావిడల్ని పెళ్ళయినా గౌరవంగా మిస్ అనే పిలుస్తారు. "గ్రాంటు పోయిందటగా మిస్ వెర్లీన్, వినగానే మనసు ఎలాగో అయిపోయింది. ఆ పెట్టెలు మాకు అప్పగించండి, మేం నడిపిస్తాం. మీకెందుకు ఈ వయసులో ఇంత తలనొప్పి?" అన్నాడు. సాయంత్రం మళ్ళీ చేస్తానన్నాడు. నోటీసు సంగతి వీధి దాటనివ్వలేదు ఆమె. మరి ఇతనికెవరు చెప్పారు? ఈ వరసలో నిలబడిన వాళ్ళలో ఎవరైనా చెప్పారా? అలా అనుకోవడం పాపమని తెలిసీ, చేపల కోసం పళ్ళెం చాపిన ఒక్కో మొహాన్నీ ఆమె అదే అనుమానంతో చూస్తోంది.

డెల్ఫీన్ ఆర్సెనో వచ్చేసరికి పొద్దు కరకట్ట మీదికి వాలింది. రాష్ట్ర రాజధాని బాటన్ రూజ్‌లో ఇలాంటి చిన్న సంఘాలకి అండగా ఉండే సంస్థ ఒకటుంది. అర్జీలు రాసిపెట్టడం, అధికార్ల చుట్టూ తిరగడం, అవసరమైతే కోర్టు మెట్లెక్కించడం వాళ్ళ పని. డెల్ఫీన్ ఆ సంస్థ మనిషి, ఇంకా ముప్ఫయ్యేళ్ళు నిండలేదు. గ్రాంటులు పోయిన సంఘాలన్నిటినీ చుట్టబెడుతూ కొన్నాళ్ళుగా కార్లోనే కాపరం పెట్టింది. కళ్ళ కింద నల్లటి చారలు.

"తిన్నావా అమ్మాయ్?" అంది వెర్లీన్.

"తర్వాత తింటా. ముందు మీతో మాట్లాడాలి మిస్ వెర్లీన్. తలుపు వేసుకుందాం."

అల్సీడ్ జల్లిగరిటె పైకెత్తి, "పిల్ల ఆకలి కూడా వాయిదా వేసిందంటే మనకేదో మూడినట్టే," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అతను మళ్ళీ మూకుడు వైపు తిరిగాడు.

హాలు వంటగదిలోకి వెళ్ళాక కూడా డెల్ఫీన్ కూర్చోలేదు. స్టీలు బల్లకి ఆనుకుని నిలబడి, గొంతు పెంచకుండానే అడిగింది. "పెట్టెలు ఎవరు ఆపమన్నారు మీకు?"

"వాషింగ్టన్ వాళ్ళు. నీకు నోటీసు పంపించానుగా."

"వాళ్ళు ఆపమన్నది వాళ్ళ డబ్బుతో చేసే పనిని. పెట్టెలు వాళ్ళవి కావు. కొన్నప్పుడే సంఘం పేరు మీద కొన్నాం, నేను పక్కనే ఉన్నాను. కరెంటు ఎవరింటి కరెంటు వాళ్ళది. మీ వరండాలో, మీ కరెంటుతో, మీ పెట్టె నడుపుకోడానికి మీకు ఎవరి అనుమతి కావాలి?"

వెర్లీన్ చేతిలోని తువ్వాలుని మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది. "పనులన్నీ ఆపాలని రాశారు. అన్నీ అంటే అన్నీ అనే."

"ఒక్క ఫోన్ చేసి నన్నడిగి ఉండొచ్చుగా."

"అడిగేదాకా ఆగితే? ఆలోగా ఎవరైనా వచ్చి, ఆపమన్న పని ఎందుకు చేస్తున్నారని పట్టుకుంటే? నన్ను పట్టుకుంటే పట్టుకోనీ. ఆ వరండాల్లో ఉన్నవాళ్ళు ముసలివాళ్ళు. వాళ్ళ చేత సంతకాలు పెట్టించింది నేను."

"ఎవరూ వచ్చేవాళ్ళు కాదు."

"అది నీకు తెలుసు. మాకు తెలిసింది వేరు." వెర్లీన్ తువ్వాలు బల్ల మీద పెట్టింది. "పెద్ద తుఫానప్పుడు మా ఇల్లు పోతే సర్కారు మా అమ్మకి ఉండటానికి ట్రైలరు, అదే చక్రాల ఇల్లు, ఇచ్చింది. మా పిన్ని ఇల్లు కూడా పోయింది. అమ్మ ఆమెని లోపల పడుకోనిచ్చింది, తోడబుట్టిన దాన్ని వానలో నిలబెడుతుందా ఎవరైనా? రాసిచ్చిన పేర్లలో పిన్ని లేదని, ఒకరోజు బండి వేసుకుని వచ్చి ఆ ట్రైలరు లాక్కుపోయారు. నడి చలికాలం. అమ్మ గిన్నెలు నేల మీద పెట్టుకుని కూచుంది. అప్పటి నుంచీ ఈ వీధిలో, ఆగమంటే ఆగుతాం అమ్మాయ్. ఎందుకని అడగం."

డెల్ఫీన్ తర్వాత చెప్పినవి వెర్లీన్‌ని ఇంకా భయపెట్టాయి. నది కింది భాగంలో బావినీళ్ళు పరీక్ష చేసే ఆడవాళ్ళు సీసాలన్నీ శుభ్రంగా కడిగి, పెట్టెల్లో సర్ది వాపసు పంపేశారట. ఎవరూ అడగలేదు. ఇంకో ఊళ్ళో పడవల వాళ్ళు తమ సంఘం బోర్డు పీకేసి, హాలు తాళంచెవి చర్చి ఫాదరుకిచ్చి, తామెప్పుడూ సంఘం పెట్టలేదన్నట్టు తిరుగుతున్నారట.

"వాళ్ళు డబ్బు ఆపారు, అంతే. మిగతాదంతా మీ అంతట మీరే చేసుకుంటున్నారు," అంది డెల్ఫీన్. "ఎక్కడికెళ్ళినా ఇదే. తలుపు తట్టకముందే లోపల గడియ పెట్టేసుకుంటున్నారు. మిమ్మల్నెలా కాపాడాలో నాకు తెలియడం లేదు మిస్ వెర్లీన్."

ఫోను మళ్ళీ గుర్రుమంది. వెర్లీన్ దాన్ని జేబులోంచి తీసి, బోర్లించి బల్ల మీద పెట్టింది. స్టీలు బల్ల మీద అది పురుగులా గుండ్రంగా తిరిగింది.

"తియ్యరా?"

"తియ్యను. ఫ్యాక్టరీ హోల్కమ్. పెట్టెలు ఇచ్చెయ్యమని పొద్దున్నే మొదలుపెట్టాడు."

"ఏం చెప్పారు?"

"ఆలోచిస్తానన్నాను."

"మిస్ వెర్లీన్."

"ఏం చెయ్యమంటావ్ మరి?" ఇన్నాళ్ళూ బిగబట్టుకున్నదంతా ఒక్కసారి ఆమె నోటివెంట వచ్చింది. "నువ్వు రాత్రికి నీ కారెక్కి పోతావ్. గ్రాంటు రద్దు మీద నువ్వు రాసే అర్జీ గెలిస్తే నీకు మంచిపేరు, ఓడితే ఇంకో ఊరు. మేం ఇక్కడే ఉండాలి. ఈ గాలే పీల్చాలి. నాకు భయమేస్తోంది. రోజూ భయమే. ప్లగ్గు పెడితే వాషింగ్టన్ వాళ్ళంటే భయం, పీకితే ఫ్యాక్టరీ అంటే భయం. ఎటు తిరిగినా నేనే తప్పు చేసినదాన్నవుతాను."

డెల్ఫీన్ నొచ్చుకోలేదు. స్టూలు లాక్కుని కూలబడింది. "నా జీతం కూడా అలాంటి గ్రాంటులోదే," అంది నెమ్మదిగా. "మాకూ నోటీసు వచ్చింది. వచ్చే నెల ఈ ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. ఎవరికీ చెప్పలేదు. ధైర్యం చెప్పడానికి వచ్చినదాన్నే ఇలా ఉంటే మీకెలా ఉంటుందోనని."

బయట నూనె చిటపటలు, అల్సీడ్ ఎవరితోనో వాదిస్తున్న గొంతు. బల్ల మీద ఫోను మళ్ళీ కదిలింది. వెర్లీన్ విసుగ్గా దాని మీద తువ్వాలు కప్పేసింది. గుర్రుమన్న చప్పుడు బట్ట కింద మెత్తబడి, ఆగిపోయింది.

"నువ్వు కూడానా తల్లీ," అంది వెర్లీన్. వెళ్ళి ఒక పళ్ళెంలో రెండు చేప ముక్కలు తెచ్చి ఆ పిల్ల ముందు పెట్టింది. తనకి ఎవరిమీదైనా జాలేస్తే ఇంకేం చెయ్యాలో ఆమెకి తెలియదు.

డెల్ఫీన్ ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. తిన్నాక మొహంలో కాస్త కళ వచ్చింది. "నేను మీ మీద కేకలెయ్యడానికి రాలేదు. మంచి కబురు కూడా ఒకటుంది. అర్జీలో మనం గట్టిగా చెప్పాల్సింది ఒకటే, డబ్బు ఆగినా కాపలా ఆగలేదని. మధ్యలో ఖాళీ ఉంటే అవతలివాళ్ళు ఇట్టే పట్టుకుంటారు. చూశారా, పెట్టెలు ఆగినప్పుడూ ఏమీ కాలేదు, ఇక ఇవెందుకంటారు. ఖాళీ వచ్చేసిందని నేనూ అనుకున్నా. పొద్దున దారిలో యూనివర్సిటీ వాళ్ళు ఫోన్ చేశారు. వాళ్ళ కంప్యూటరుకి పెట్టెల లెక్కలు ఇప్పటికీ వెళ్తాయిగా. అయిదు ఆగాయి మిస్ వెర్లీన్. ఆరోది ఆగలేదు."

"ఆగకపోవడమేంటి? అందరికీ నేనే చెప్పాను."

"కంచె పక్క పెట్టె. పల్లంలో ఉన్నది."

"నానెన్," అంది వెర్లీన్.

పసిబిడ్డగా చర్చిలో జ్ఞానస్నానం చేయించిన నాడు వెర్లీన్‌ని చేతుల్లో పట్టుకున్న జ్ఞానతల్లి యులాలీ. ఆ పక్క జ్ఞానతల్లిని నానెన్ అనే పిలుస్తారు. ఎనభై దాటిన మనిషి. వీధి చివర, ఫ్యాక్టరీ కంచెకి ఆనుకున్న పల్లంలో ఒంటరిగా ఉంటుంది, కదలమంటే కదలదు. ఫోన్లో ఎంత బుద్ధిగా అందనీ. సరే పిల్లా, ఇదుగో పీకేస్తున్నా, అంది. వెనక కుర్చీ జరిగిన చప్పుడు కూడా వినిపించింది. ఊరికే కుర్చీ జరిపి ఉంటుంది.

"మహా అబద్ధాలకోరు," అంది వెర్లీన్. ఇన్ని రోజుల్లో మొదటిసారి ఆమెకి నవ్వొచ్చింది, దాంతోపాటు కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. "నా ముందు ఒక్కసారి కూడా ఎదురు చెప్పదు. చేసేది మాత్రం తన ఇష్టమే."

"ఆ అబద్ధమే మన అర్జీని బతికిస్తుంది. చూపిస్తానుండండి." డెల్ఫీన్ ల్యాప్‌టాప్ తెరిచి, చేతులు తుడుచుకుని, ఏవో మీటలు నొక్కింది. తెర మీద ఒక సన్నటి గీత. "ఇది మొన్న. ఇది నిన్న. చూశారా, ఎక్కడా తెగలేదు. ఇదిగో ఇవాళ పొద్దున..."

ఆమె వేలు తెర మీద ఆగిపోయింది.

"ఏంటి?" అంది వెర్లీన్.

డెల్ఫీన్ తెర ఆమె వైపు తిప్పింది. గీత మధ్యాహ్నం దాకా నేలబారుగానే ఉంది. తర్వాత లేచింది. పసుపు దాటింది, ఎరుపు దాటింది. కొసన అది దాదాపు నిట్టనిలువుగా ఉంది.

"ఇది ఇప్పటిదేనా?"

"ఇప్పటిదే." డెల్ఫీన్ వెర్లీన్ వైపు తిరిగింది. "ఎరుపైతే మీకు సందేశం రావాలిగా."

"సందేశాలు పంపే కంపెనీకి కట్టేది గ్రాంటులోంచే. నోటీసు వచ్చిన రోజే ఆపేశారు."

"మరి పెట్టె చూసేవాళ్ళు? ఎర్రదీపం చూస్తే ఫోన్ చెయ్యరా?"

"చేస్తారు. నాకే..."

మాట పూర్తి కాలేదు. సంఘానికి ఒక కట్టుబాటుంది, అది పెట్టింది వెర్లీనే. ఒకప్పుడు కంపు కొట్టినప్పుడల్లా వీధిలో ప్రతివాళ్ళూ ఫైర్ స్టేషనుకి ఫోన్ చేసేవాళ్ళు. విని విని వాళ్ళు పట్టించుకోవడం మానేశారు. అందుకని, ఎర్రదీపం చూసినవాళ్ళు ముందు వెర్లీన్‌కే చెయ్యాలి. ఆమె మిగతా పెట్టెలతో సరిచూసి ఫైర్ స్టేషనుకి చెప్తుంది. తర్వాత ఒకరి నుంచి ఒకరికి, ఇంటింటికీ ఫోన్ వెళ్తుంది. వెర్లీన్ చేస్తే ఫైర్ స్టేషను వాళ్ళు ఒక్క ప్రశ్న కూడా అడగకుండా బండి తీస్తారు. ఆ పేరు తెచ్చుకోడానికి ఆమె ఎంత శ్రమపడిందో. వీధిలో ఎవరూ ఇంకెప్పుడూ తమంతట తాము ఫైర్ స్టేషనుకి చెయ్యలేదు. ముందు వెర్లీన్, తర్వాతే ఎవరైనా.

బల్ల మీద తువ్వాలు అలాగే ఉంది.

దాన్ని తొలగించడానికి వెర్లీన్ చెయ్యి ఎంతకీ ముందుకు రాలేదు. చివరికి డెల్ఫీనే లాగేసింది. ఫోను వెల్లకిలా తిప్పింది. ఎత్తని పిలుపులు వరసగా ఉన్నాయి. హోల్కమ్ పేరు అందులో ఎక్కడా లేదు. అన్నీ ఒకే పేరు. నానెన్. నానెన్. నానెన్.

అన్నిటికన్నా కింద, గొంతుతో పెట్టిన సందేశం ఒకటి ఉంది. వెర్లీన్ దాన్ని నొక్కింది. ముందు వినిపించింది ఎర్రదీపం వెలిగితే పెట్టె వేసే ఈల. సన్నగా, ఆగకుండా, ఎక్కడో తలుపు అవతల.

"పిల్లా, నేనే. నువ్వు చెప్పినా పెట్టె పీకలేదు, తిట్టేదేదో తర్వాత తీరిగ్గా తిట్టు. ఎర్రదీపం వెలిగింది. ఫోనెత్తవేం? హాల్లో గోలగా ఉందేమో. మధ్యాహ్నం కంపుతో చచ్చాననుకో. ఇప్పుడు అసలు వాసనే లేదు. నువ్వు చెప్పావుగా, వాసన పోతే ఇంకా చెడ్డదని. నాకు గుర్తుంది. స్నానాలగదిలో కూచున్నా, తలుపు కింద తడి తువ్వాళ్ళు కుక్కా. తల పగిలిపోతోంది. నువ్వు ఫైరు వాళ్ళకి చెప్తావుగా. నువ్వు చెప్తేనే వస్తారు వాళ్ళు. సరే, నీ ఫోను కోసం చూస్తుంటా."

సందేశం ఎప్పటిదో ఫోను చూపిస్తోంది. వెర్లీన్ తువ్వాలు కప్పకముందుది. ఈ స్టీలు బల్ల దగ్గర నిలబడి, నాకు భయమేస్తోందని ఆమె డెల్ఫీన్ మీద విరుచుకుపడుతున్నప్పటిది.

డెల్ఫీన్ అప్పటికే తన ఫోన్లో ఫైర్ స్టేషనుతో మాట్లాడుతోంది. వీధి పేరు చెప్తోంది, అవతలివాళ్ళు ఏదో అడుగుతున్నారు, మళ్ళీ చెప్తోంది. వెర్లీన్ ఫోను లాక్కుని, "వెర్లీన్ గిడ్రీని. ఎరుపు. పల్లంలో మనిషుంది," అంది. అవతల ఇంకో ప్రశ్న రాలేదు. బండ్లు పైఊరి నుంచి రావాలన్నారు. గాలి ముసుగులు లేకుండా ఎవరూ పల్లంలోకి దిగొద్దన్నారు.

"వీళ్ళందర్నీ కరకట్ట ఎక్కించు," అంది వెర్లీన్ డెల్ఫీన్‌తో. "ఎత్తు మీదికి, నది వైపుకి. చేపలూ గీపలూ వద్దు. మిగతా ఇళ్ళకి ఫోన్లు మొదలుపెట్టమని మన ఆడవాళ్ళకి చెప్పు. ఎత్తకపోతే తలుపు తట్టాలి, వాళ్ళకి తెలుసు. పల్లం వైపు మాత్రం ఎవరూ అడుగెయ్యొద్దు."

"మరి మీరు?"

వెర్లీన్ విననట్టే బయటికి నడిచింది. అల్సీడ్ ఆమె మొహం చూసి, ఈసారి ఏ ఎకసెక్కమూ ఆడకుండా పొయ్యి ఆర్పేశాడు.

"బండి తియ్యి. నానెన్ ఇంటికి."

అతను ఎందుకని అడగలేదు. ఎప్రానుతోనే ట్రక్కెక్కాడు.

కరకట్ట వీధి పొడవాటి వీధి. సగం దాకా చేప నూనె వాసనే వచ్చింది, ఇద్దరి బట్టలకీ పట్టినది. పీకాన్ చెట్ల మలుపు దాటగానే కంపు కొట్టింది. మామూలుగా రోజూ వచ్చేది కాదు, గొంతులోకి దిగేంత. అల్సీడ్ ఒక చేత్తో ముక్కు మూసుకుని ఒక చేత్తో తోలుతున్నాడు. వెర్లీన్ అద్దాలు బిగించింది. నానెన్‌కి ఫోన్ చేస్తూనే ఉంది. మోగుతోంది, ఎత్తడం లేదు.

ఆ మనిషి వండి పెట్టకపోతే తను బడికి ఆకలితో వెళ్ళేది. ఆ మనిషి వరండాలో పెట్టె బిగిస్తున్న రోజున, "దీంతో నాకేం పని? నువ్వు వచ్చి చూసిపోతుంటావంటే పెట్టించు," అంది. ఈ వారమంతా తను వెళ్ళలేదు. ప్లగ్గు పీకమని చెప్పిన మొహంతో ఆమె ఎదురుగా కూచోలేక వెళ్ళలేదు.

రోడ్డు పల్లంలోకి వాలింది. ఎదురుగా ఫ్యాక్టరీ దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. కంచె ఇవతల నానెన్ ఇల్లు, దాని వరండాలో చిన్న ఎర్రటి చుక్క.

"హమ్మయ్య," అన్నాడు అల్సీడ్. ముక్కు మీంచి చెయ్యి తీసేసి గట్టిగా గాలి పీల్చుకున్నాడు. "పోయింది వదినా. ఇక్కడ వాసనే లేదు."

వెర్లీన్ అతని చెయ్యి పట్టుకుంది. "ఆపు," అంది.

"ఇంకా ముందుకెళ్ళాలిగా. ఇల్లు అదుగో..."

"ఆపమన్నానా. ఊపిరి పీల్చకు."

ట్రక్కు కుదుపుతో ఆగింది. అల్సీడ్ ఆమె వైపు తిరిగాడు. అతనికి అప్పుడర్థమైంది. ఆమె ఒళ్ళో ఫోను మోగింది.

నానెన్.

"ఎక్కడున్నావ్ నానెన్? మాట్లాడు."

"చిన్న కిటికీలోంచి మీ బండి దీపాలు కనపడుతున్నాయి." గొంతు బాగా పల్చబడింది. ఒక్కో మాటకీ ఆగి ఊపిరి తీస్తోంది. "అక్కడే ఆగావ్. మంచి పని చేశావ్. వాసన పోయిన చోటు దాటొద్దని మా అందరికీ నూరిపోసింది నువ్వేగా. ఈసారి నీ మాట నువ్వు విను. వెనక్కి పో పిల్లా."

"ఫైరు వాళ్ళు వస్తున్నారు నానెన్. కాస్త ఓపిక పట్టు. తువ్వాలు మొహానికి..."

అవతల ఏదో కిందపడిన చప్పుడు. ఫోనో, మనిషో. ఆ తర్వాత ఈల ఒక్కటే, తెగని గీతలా. ఫైరు బండ్ల కూత ఎక్కడా వినపడటం లేదు. వెర్లీన్ రెండుసార్లు పేరు పెట్టి పిలిచింది. ఈల తప్ప బదులు లేదు.

అల్సీడ్ గేరు మీద చెయ్యి వేశాడు. "వదినా," అన్నాడు, మళ్ళీ ముక్కు మూసుకుని, "వెనక్కి తిప్పనా?"

వెర్లీన్ మెడలోని ఎప్రాను ఊడదీసి, సీటు కింద ఉన్న నీళ్ళసీసా దాని మీద గుమ్మరించింది. ఆ తడి గుడ్డ ఆ గ్యాసుని ఆపదని ఆమెకి తెలుసు. అది కూడా ఆ హాల్లో అందరికీ తనే చెప్పింది.

"నువ్వు తిప్పు," అంది. మొహానికి గుడ్డ చుట్టుకుని, తలుపు తెరిచి, రోడ్డు మీదికి దిగింది.